కార్డు ఉంది, డ్రైవరే లేదు: లైనక్స్‌లో వైఫై చరిత్ర

1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ వరంగల్‌లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ వరసలో వచ్చిన కాలేజీల్లో ఇదే మొదటిది. 2002లో అది ఎన్‌ఐటీ అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం, 1980లో కిట్స్, ఆ తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా ప్రైవేటు కాలేజీలు వచ్చాయి. కాజీపేట, హనుమకొండ, వరంగల్ కలిసి ఇంజినీరింగ్ విద్యార్థుల పట్టణంగా మారాయి. యంత్రాన్ని వాడితే చాలదు, అది లోపల ఎలా పనిచేస్తుందో తెలియాలన్నదే ఈ చదువుకు ప్రాణం. ల్యాప్‌టాప్‌లో ఉండే అరచేతికన్నా చిన్న వైఫై కార్డు ఆ సూత్రాన్నే పరీక్షకు పెట్టింది. 2000 తర్వాతి పదేళ్లలో ల్యాప్‌టాప్ కొని లైనక్స్ ఎక్కించినవారిలో చాలామందికి తెర వచ్చేది, కీబోర్డు పలికేది, వైఫై మాత్రం వచ్చేది కాదు. దాంతో లైనక్స్ మామూలు మనుషులకు పనికిరాదన్న అభిప్రాయం నాటుకుపోయింది. ఆ నింద లైనక్స్‌కు చెందదు. కార్డుతో మాట్లాడే పద్ధతిని చిప్ తయారీదారులు దాచిపెట్టడమే ఆ కష్టానికి అసలు కారణమని ఆ సంవత్సరాల చరిత్ర చెబుతోంది.

మొదటి సాక్ష్యం తీగతో నడిచే నెట్‌వర్కే. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నల్‌ను విడుదల చేశారు. ఆ దశాబ్దంలోనే నాసా గొడ్డార్డ్ కేంద్రంలో పనిచేసిన డొనాల్డ్ బెకర్ ఈథర్‌నెట్ కార్డులను నడిపించే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, ఎన్నో రాశారు. అందుకే కాలేజీ ల్యాబుల్లో తీగ తగిలించిన కంప్యూటర్లపై లైనక్స్ పెద్ద పేచీ లేకుండా నడిచింది. జేఎన్టీయూ సిలబస్‌లో లైనక్స్ ప్రోగ్రామింగ్ ఒక పాఠ్యాంశం కూడా అయింది. వైఫై దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారింది. 802.11 ప్రమాణం 1997లో వచ్చింది, 1999లో 802.11బి వచ్చింది, 2003లో ఇంటెల్ సెంట్రినోతో ల్యాప్‌టాప్‌లో వైఫై మామూలు అమరిక అయింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను తక్కువ శక్తితో లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005 జనవరిలో నిబంధనలు వచ్చాయి. 802.11 ప్రమాణం గాలిలో ఏం ప్రయాణించాలో చెబుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చిప్‌కు ఆజ్ఞలు ఎలా ఇవ్వాలో చెప్పదు. ఆ సంగతి చిప్ చేసిన కంపెనీకే తెలుసు. పాకాల చెరువు నిండుగా ఉన్నా తూము తెరిచే పద్ధతి తెలియకపోతే ఆయకట్టు ఎండినట్టే, కార్డు చేతిలో ఉండి కూడా నెట్ అందలేదు.

ఆ ఇబ్బందికి వచ్చిన ఒక ఉపాయం పేరు ఎన్‌డిస్‌ర్యాపర్. పోంటస్ ఫుక్స్, గిరిధర్ పెమ్మసాని దాని ప్రధాన రచయితలు. విండోస్ కోసం కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌నే లైనక్స్‌లోకి తెచ్చి, తాను విండోస్‌లోనే ఉన్నానని దాన్ని నమ్మించడం ఈ ప్రోగ్రామ్ పని. దీనివల్ల ఎందరో తమ కార్డులను వాడుకోగలిగారు. పని జరిగింది కదా, ఇక దాపరికం గురించి గొడవెందుకని ఎవరైనా అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కానీ ఆ డ్రైవర్‌లో తప్పుంటే ఎవరూ దిద్దలేరు, ఎందుకంటే మూలం ఎవరికీ కనబడదు. పైగా అది కెర్నల్ లోపలే నడుస్తుంది కాబట్టి దాని తప్పు మొత్తం యంత్రాన్నే పడగొట్టగలదు. అందుకే దాన్ని ఎక్కించిన కెర్నల్‌పై మూసిన కోడ్ కలిసినదన్న ముద్ర పడేలా కెర్నల్ డెవలపర్లు ఏర్పాటు చేశారు. ఇంటెల్ తరహా ప్రాసెసర్లు కానివాటిపై ఆ ఉపాయం అసలు పనికిరాలేదు. అది గొప్ప నేర్పే, సందేహం లేదు. అయితే అంతటి నేర్పును దాచిన కాగితాల చుట్టూ తిరగడానికే ఖర్చు చేయవలసి వచ్చింది.

రెండో సాక్ష్యం బ్రాడ్‌కామ్, అథెరాస్ చిప్‌ల మధ్య తేడా. బ్రాడ్‌కామ్ వివరాలు ఇవ్వకపోవడంతో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ను విప్పి చూసి చిప్ ప్రవర్తనను కాగితం మీద పెట్టింది. రెండో జట్టు ఆ డ్రైవర్ జోలికి పోకుండా, ఆ కాగితాన్ని మాత్రమే చూసి కొత్త డ్రైవర్ రాసింది. కాపీ కొట్టారన్న ఆరోపణకు తావు ఇవ్వకూడదనే ఇంత జాగ్రత్త. 2006లో 2.6.17 కెర్నల్‌లో ఆ డ్రైవర్ చేరింది. అప్పటికీ చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్‌ను వాడేవారే కంపెనీ డ్రైవర్ నుంచి వేరు చేసి తెచ్చుకోవలసి వచ్చేది. బ్రాడ్‌కామ్ సొంతంగా ఓపెన్ డ్రైవర్ విడుదల చేసింది 2010 సెప్టెంబరులో. అథెరాస్ మాత్రం తన 802.11ఎన్ చిప్‌లకు ఎథ్9కే అనే ఓపెన్ డ్రైవర్‌ను 2008 జులైలో ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 2.6.27 కెర్నల్‌లో అది భాగమైంది. కెర్నల్ అదే, ప్రోగ్రామర్ల నైపుణ్యం అదే. తలుపు తెరిచినచోట నెలల్లో ముగిసిన పని, మూసినచోట ఏళ్ల తరబడి సాగింది.

కంపెనీల వైపు నుంచి వినిపించే బలమైన వాదన రేడియో చట్టం. చిప్‌పై పూర్తి అదుపు అందరి చేతికి వస్తే అనుమతి లేని తరంగాల్లోకి పోతారన్నది వారి భయం. ఆ భయాన్ని తోసిపుచ్చలేం. ఆ తరంగాలను ఇతర అవసరాలకూ వాడతారు. అయితే దానికి జవాబు దాపరికం లేకుండానే దొరికింది. 2006 ప్రాంతంలో ఇంటెల్ 3945 కార్డుకు రేడియో చట్టం పేరుతోనే మూల కోడ్ ఇవ్వని ఒక ప్రోగ్రామ్ నడపవలసి వచ్చేది. 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నల్‌లోని కొత్త డ్రైవర్‌తో ఆ అవసరమే పోయింది. అదే ఏడాది చివర్లో ఏ దేశంలో ఏ తరంగాలు వాడవచ్చో చెప్పే పట్టికను బయటే ఉంచి, దాని ప్రకారం కార్డును నడిపించే ఏర్పాటు కెర్నల్‌లోకి వచ్చింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 ఛానెళ్లు వాడవచ్చు, అమెరికా అమరికతో వచ్చిన కార్డు సాధారణంగా 11కే పరిమితమవుతుంది. రౌటర్ 12 లేదా 13లో ఉంటే ఆ కార్డుకు అది కనబడదు. అందరూ చూడగల పట్టిక ఉన్నప్పుడే ఇలాంటి తేడాను వరంగల్ విద్యార్థి కూడా గుర్తించగలడు. ఇక వ్యాపార రహస్యం బయటపడితే కంపెనీ మునుగుతుందన్న వాదన: ఎథ్9కే ఇచ్చిన మూడేళ్ల లోపే, 2011లో, క్వాల్‌కామ్ సుమారు 310 కోట్ల డాలర్లకు అథెరాస్‌ను కొన్నది. తెరిచినందుకే ఆ ధర పలికిందని నేను అనను. తెరవడం వల్ల దాని విలువ పోలేదని మాత్రం గట్టిగా అంటాను.

ఇప్పుడు చాలా కార్డులు లైనక్స్ ఎక్కించగానే పనిచేస్తున్నాయి, పాత కథ ఎందుకని అనేవారూ ఉంటారు. సౌకర్యం వచ్చిన మాట నిజం. కానీ చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్ చాలావరకు ఇప్పటికీ మూసే ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విషయంలో ఎంతో పట్టుదల గల డెబియన్ ప్రాజెక్టు కూడా 2022లో ఓటింగ్ పెట్టుకుని, అలాంటి ఫర్మ్‌వేర్‌ను తన అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చడానికి ఒప్పుకుంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో అది అమలైంది. వాడేవారి కష్టం చూసి తీసుకున్న ఆ నిర్ణయం సమంజసమే, అయినా అది ఒక రాజీ. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల కృషి నిలవాలంటే, ఆ సిస్టమ్ ఎక్కే యంత్రం కూడా మనకు తెలిసినదై ఉండాలి.

వరంగల్ కాలేజీలు ఇప్పుడు చేయగల పని ఒకటుంది. ఎథ్9కే డ్రైవర్ మూల కోడ్ మొత్తం కెర్నల్‌లోనే ఉంది, ఉచితంగా చదువుకోవచ్చు. దాన్ని ఒక సెమిస్టర్ ల్యాబ్ పాఠంగా పెట్టాలి. కాలేజీకి యాభై ల్యాప్‌టాప్‌లు కొనేటప్పుడు ప్రాసెసర్, మెమరీతో పాటు వైఫై చిప్ ఎవరిదో, దానికి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉందో లేదో టెండర్‌లో అడగాలి. సొంతానికి కొనే విద్యార్థి కూడా డబ్బు చెల్లించే ముందే ఈ ప్రశ్న వేయాలి. కొనేవారు అడగని సమాచారాన్ని అమ్మేవారు తమంతట తాము ఇవ్వరు.