అతిథికి కుర్చీ, ఆడపడుచుకు గేటు

కొత్త ఊరు చూడడానికి ఒకే ఒక్క రోజు చేతిలో ఉంటే ఏం చూస్తాం? పొద్దున్న గుడి, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం బజారు. మన ఆడవాళ్ల లెక్క ఇంచుమించు ఇదే కదండీ! ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకి మాచ్ ఒక్కటే ముఖ్యం, తక్కినవన్నీ అది మొదలయ్యేదాకా కాలక్షేపం. 2001 నవంబరు 15న టెహ్రాన్‌లో ఐర్లండు జట్టు ఇరాన్‌తో ఆడింది. ప్రపంచ కప్పుకి వెళ్లేదెవరో తేల్చే మాచ్ అది. అంతదూరం నుంచి వచ్చిన ఐరిష్ అభిమానుల్లో కొద్దిమంది ఆడవాళ్లూ ఉన్నారు. ఈ కథ వాళ్లతో మొదలవుతుంది.

టెహ్రాన్‌కి వచ్చిన యాత్రికులు ముందుగా చూసేది గోలెస్తాన్ మహలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఖజార్ రాజులు ముచ్చటపడి పెంచుకున్న రాజప్రాసాదం. గోడలనిండా, కప్పునిండా అద్దం ముక్కలు పొదిగిన గదులు, పాలరాతి సింహాసనం, పెరట్లో నీళ్ల తొట్లు. పారసీకంలో ‘గోల్’ అంటే పువ్వు. మన గులాబీలో ఉన్న ‘గుల్’ అదే. తమాషా ఏమిటంటే బంతి వలలో పడితే వచ్చే గోలునీ వాళ్లు అదే అక్షరాలతో రాస్తారు! మహలు దాటి పక్కకి తిరిగితే పెద్ద బజారు. బజారు, దర్వాజా, రుమాలు... ఇవన్నీ ఆ భాష మనకిచ్చిన మాటలే. హైదరాబాదు నిజాముల కొలువులో 1880ల దాకా పారసీకమే రాజభాష అయినప్పుడు రాక ఏం చేస్తాయి?

ఇంకో వింత కూడా ఉంది ఆ ఊళ్లో. ఇరాన్ కేంద్ర బ్యాంకు నేలమాళిగలో రాచనగలు భద్రపరిచారు. వాటి నడుమ లేత గులాబీరంగు వజ్రం ఒకటుంది. పేరు దరియా-ఎ-నూర్, వెలుగుల సముద్రం. అది మన గోల్కొండ గనుల్లో పుట్టింది. 1739లో నాదిర్షా ఢిల్లీని దోచుకున్నప్పుడు తరలిపోయింది. మన సొత్తుని చూడ్డానికి మనం టికెట్టు కొనుక్కోవాలన్నమాట!

ఊరికి పడమటి వైపున తెల్లని పాలరాతి కట్టడం ఒకటి, నలభై అయిదు మీటర్ల ఎత్తు. 1971లో ఆఖరి షా కట్టించాడు. నమూనా పోటీలో గెలిచిన హుస్సేన్ అమానత్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్లు. షా పేరు మీద వెలిసిన ఆ బురుజుని 1979 విప్లవం తర్వాత ‘ఆజాదీ’ అన్నారు. 1974 ఆసియా క్రీడల కోసం కట్టిన పెద్ద స్టేడియానికీ షా బిరుదు తీసేసి అదే పేరు పెట్టారు. ఆజాదీ అంటే స్వేచ్ఛ అని మనకెవరూ చెప్పక్కర్లేదు.

ఇరాన్ వాళ్లకి ఫుట్‌బాల్ నిన్నమొన్నటి సరదా కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో మన జట్టు చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడింది వాళ్లే. ఆనాటి మన జట్టుకి శిక్షకుడు హైదరాబాదు రహీం సాహెబు. 1974లో మాత్రం తమ కొత్త స్టేడియంలో, తమ జనం మధ్య, బంగారు పతకం గెలుచుకున్నారు. ఆ జనంలో ఆడవాళ్లూ ఉండేవారు. విప్లవం వచ్చాక కొద్దికాలానికే వాళ్లకి గేట్లు మూతపడ్డాయి. అలాగని చట్టంలో ఎక్కడా రాసి లేదట. మగవాళ్లు ఆట చూస్తూ బూతులు తిడతారు, అవి ఆడవాళ్ల చెవిన పడకూడదు – పెద్దలు చెప్పిన కారణాల్లో ఇదొకటి. బాగుంది! తిట్టేవాడు లోపల కూర్చోవచ్చు. వినకూడని మనిషి బయట నిలబడాలి.

1997 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో 2-2 సమం చేసి ఇరాన్ జట్టు ప్రపంచ కప్పుకి అర్హత తెచ్చుకుంది. తిరిగొచ్చిన ఆటగాళ్లకి ఆజాదీ స్టేడియంలో స్వాగతం. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని టీవీలో చూడండన్నారు. వినలేదు. గేటు దగ్గర వేలమంది చేరారు. కొందరిని లోపలికి పంపక తప్పలేదు, తక్కినవాళ్లు తోసుకుని వెళ్లారు.

ఆ తర్వాత నాలుగేళ్లకి ఐర్లండు జట్టు వచ్చింది. డబ్లిన్‌లో 2-0తో గెలిచి వచ్చారు కనుక ధీమాగా ఉన్నారు. వాళ్లతో వచ్చిన ఐరిష్ ఆడవాళ్లని తలకి రుమాలు కట్టుకుని లోపలికి రమ్మన్నారు. అతిథులు కదా! టెహ్రాన్ ఆడపిల్లలకి మాత్రం ఆ మర్యాద దక్కలేదు. తమ ఊళ్లో, తమ జట్టు ఆడుతుంటే, పరాయి జట్టుకి జేకొట్టే పరాయి ఆడది లోపల, తాము బయట. ఆట చివరి క్షణాల్లో గోల్‌మొహమ్మదీ అనే ఆటగాడు తలతో గోలు కొట్టాడు. పువ్వు పేరు పెట్టుకున్న మనిషి గోలు! ఇరాన్ 1-0తో గెలిచింది గాని, రెండు మాచ్‌ల లెక్కలో 2-1తో ఐర్లండుదే పైచేయి అయింది.

గడుసు పిల్లలు కొందరు జుట్టు టోపీలో దాచి, మగవేషం వేసుకుని దూరేవారు. దర్శకుడు జఫర్ పనాహీ తన కూతురికి ఎదురైన అనుభవం నుంచే 2006లో ‘ఆఫ్‌సైడ్’ అనే సినిమా తీశాడు. 2005 జూన్‌లో ఇరాన్–బహ్రెయిన్ మాచ్ జరుగుతుండగా కొంత భాగం తీశాడట. బెర్లిన్‌లో బహుమతి వచ్చింది, స్వదేశంలో ప్రదర్శనకి అనుమతి రాలేదు.

నవ్వుకుంటూ చెప్పుకునే కథ అక్కడితో ఆగిపోతుంది. 2019 మార్చిలో సహర్ ఖొదాయారీ అనే అమ్మాయి మగవేషంలో తన అభిమాన జట్టు ఆట చూడబోయి పట్టుబడింది. ముప్ఫై ఏళ్లు నిండని పిల్ల. సెప్టెంబరులో కోర్టుకి వెళ్లినప్పుడు ఆరునెలల జైలు పడొచ్చని విని, ఆ బయటే ఒంటికి నిప్పంటించుకుంది. వారం తిరిగేసరికి కన్నుమూసింది. ఆమె జట్టు రంగు నీలం. అందుకే లోకం ఆమెని ‘నీలి అమ్మాయి’ అని పిలుచుకుంది.

సరిగ్గా నెల రోజులకి, 2019 అక్టోబరు 10న, అంతర్జాతీయ సంఘం ఒత్తిడి మీద ఆజాదీ స్టేడియంలో మూడున్నర వేలకు పైగా ఆడవాళ్లకి టికెట్లిచ్చారు. చుట్టూ కంచె, నల్లచాదర్ల పోలీసు ఆడవాళ్ల కాపలా. కంబోడియా మీద ఇరాన్ 14-0తో గెలిచింది. అంత ఏకపక్షపు ఆట మామూలుగా అయితే విసుగే. ఆ కంచె లోపల మాత్రం పద్నాలుగోదానికీ మొదటిదానికిలాగే కేకలు పెట్టుంటారు, నలభై ఏళ్ల బాకీ కదా. ఆట అయ్యాక ఆటగాళ్లు వాళ్ల వైపు నడిచి వచ్చి చప్పట్లు కొట్టారు.

2022 మార్చిలో మష్‌హద్‌లో లెబనాన్‌తో మాచ్. టికెట్లు కొనుక్కుని వచ్చిన ఆడవాళ్లు స్టేడియం గేటు దగ్గరే నిలబడిపోయారు. వాళ్ల మీద మిరియాల ఘాటు చల్లారు. ఆ ఏడాదే ఆగస్టులో టెహ్రాన్‌లో నీలి జట్టు ఆటకి ఆడవాళ్లని లోపలికి రానిచ్చారు.