రోజుకు ఎనిమిది గ్లాసులు: ఈ లెక్క ఎక్కడిది?



కత్తిరి ఎండలు మొదలైతే చాలు, మన గ్రూపులో ఒక మెసేజి తిరుగుతుంది: రోజుకు ఎనిమిది గ్లాసుల నీళ్ళు తాగి తీరాలని. గుండె జబ్బుకు మందులు వాడుతూ, డాక్టరు నీళ్ళు తగ్గించమన్నా ఈ మాటే నమ్మి చెంబులకు చెంబులు తాగి, కాళ్ళు వాచి ఆస్పత్రికి పోయినవాళ్ళు మనలోనే ఉన్నారు. అందుకే ఈ లెక్క పుట్టుక కొంచెం తెలుసుకుందాం.

1945లో అమెరికా ఆహార, పోషణ మండలి పెద్దవాళ్ళకు రోజుకు సుమారు రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందని రాసింది. తినే తిండిలో ఒక్కో క్యాలరీకి ఒక్కో మిల్లీలీటరు అని లెక్క. ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది: ఇందులో ఎక్కువ భాగం వండిన ఆహారంలోనే ఉంటుందని. జనం మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశారని చాలామంది అభిప్రాయం.

2002లో హైన్జ్ వాల్టిన్ అనే కిడ్నీ శాస్త్రవేత్త పాత పరిశోధనలన్నీ వెతికి, ఎనిమిది గ్లాసుల నియమానికి శాస్త్రీయ ఆధారం దొరకలేదని రాశారు. అయితే ఆయన చెప్పింది ఎండ తక్కువున్న చోట, కూర్చుని పనిచేసే ఆరోగ్యవంతుల గురించి. మన ఎండకు ఆ మాట అలాగే అతికించకూడదు.

మరి మన దేశం మాట? 1918లో ఇక్కడి కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిన సంస్థే ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. మనం ఆంధ్ర నుంచి ఇటొస్తే, అది ఇటునుంచి అటు పోయింది! ఆరోగ్యవంతులకు రోజుకు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్లు కావాలని, ఎండలో, కష్టం చేసేటప్పుడు ఇంకా ఎక్కువ కావాలని 2011 నాటి దాని సూచనల్లో ఉంది. అంటే ఆ అంకె అబద్ధం కాదు. అందరికీ ఒకే కొలత మాత్రం కాదు.

1945లో రాసిన ఆ రెండో వాక్యం మన వంటింట్లో ఎప్పుడూ ఉంది. చారు, మజ్జిగ, గంజి, చద్దన్నం, తాటిముంజలు, అన్నీ నీళ్ళే. చెమటతో పోయిన ఉప్పు కూడా ఉప్పేసిన మజ్జిగతో తిరిగొస్తుంది. ఉత్త నీళ్ళే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన ఒక యువతి ద్రవాలు అతిగా తాగడం వల్ల సోడియం పడిపోయి చనిపోయింది.

దాహం మంచి కొలతే. కానీ వయసు మీదపడితే దాహం సరిగా తెలియదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకు అడక్కుండానే కాసిన్ని నీళ్ళో మజ్జిగో అందించండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఇంకొంచెం తాగాలని గుర్తు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. బయటికెళ్తే బాత్రూం దొరకదని పొద్దుటినుంచి నోరు కట్టేసుకునే మన ఆడవాళ్ళ సంగతీ మరవకూడదు.

ఈ ఏడు మన చలివేంద్రంలో, ఇక్కడివాళ్ళ మాటలో తణ్ణీర్ పందల్‌లో, కుండ నీళ్ళ పక్కన మజ్జిగ కుండ కూడా పెడదాం. ఆ మెసేజి మళ్ళీ వస్తే, వదిలేసిన రెండో వాక్యం కలిపి పంపుదాం.