వైర్‌లెస్‌లో తెలుగు మాట: ధ్వని సంపీడనం – చారిత్రక పరిశీలన

2024 సెప్టెంబరు 1న కోదాడ ప్రాంతం జలమయమై విజయవాడ రహదారిపై రాకపోకలు స్తంభించాయి. మూసీ, పాలేరు, సాగర్ ఎడమ కాలువల నడుమ బతికే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో వానాకాలపు రాత్రి వైర్‌లెస్‌లో వినవలసిన వార్త చాలా చిన్నది: ‘కట్ట తెగింది’ లేదా ‘కట్ట తెగలేదు’. తెలుగులో వ్యతిరేకార్థం వాక్యం చివర, గొంతు సన్నగిల్లే చోట వస్తుంది. ధ్వని సంపీడనాన్ని, అంటే రేడియో వాళ్ల మాటలో కంప్రెషన్‌ను, భాషాధ్యయనం పట్టించుకోవలసింది ఇక్కడే.

ట్రాన్స్‌మిటర్ శక్తికి హద్దు మాటలోని అతి బిగ్గర క్షణం. అచ్చులు ఆ హద్దును తాకేసరికి స, క, ట వంటి హల్లులు రొదలో మునుగుతాయి. బిగ్గర భాగాలను అణచి మొత్తం స్థాయిని పెంచితే హల్లులు పైకి తేలుతాయి. హార్వర్డ్‌లో లిక్‌లైడర్ 1946లో ప్రకటించిన పరిశోధన దీనికి పునాది. ధ్వనితరంగాల శిఖరాలను నరికివేసినా మాట అర్థమైంది. శిఖరాలను ఉంచి బలహీన భాగాలను తొలగిస్తే అర్థం చెడింది. అయితే ఆయన పరీక్షించింది ఇంగ్లీషు మాటలను.

ఎంత సంపీడనం తగినదనేది సందర్భాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో అండమాన్ నుంచి ప్రపంచంలోని అమెచ్యూర్లతో సంభాషిస్తున్నారు. 26న సునామీ వచ్చింది. ఆమె పోర్ట్‌బ్లెయిర్ కేంద్రం బాధితుల క్షేమసమాచారం చేరవేసే వారధి అయింది. సరదా సంభాషణలో ఎదుటివారు ఏమంటారో ముందే తెలుసు. స్వరం బొంగురుపోయినా నష్టం లేదు. మనిషి పేరును అలా ఊహించలేం.

మళ్లీ ‘కట్ట తెగలేదు’ దగ్గరికి వద్దాం. ‘ట్ట’లో నాలుక అంటుకున్నంతసేపూ నిశ్శబ్దమే. ‘అటు’, ‘అట్టు’ల తేడా చాలావరకు ఆ నిడివిలోనే ఉంది. సంపీడన యంత్రం మరీ త్వరగా కోలుకుంటే ఆ ఖాళీని జనరేటర్ చప్పుడుతోనో వాన హోరుతోనో నింపేస్తుంది. మరీ నెమ్మదిగా కోలుకుంటే చివరి ‘లేదు’ అణగిపోతుంది. నా దృష్టిలో రెండో దోషమే ప్రమాదకరం. ద్విత్వం చెడితే సందర్భం కాపాడుతుంది, ‘లేదు’ పోతే కాపాడేది ఏదీ లేదు.

సంపీడనం తీర్చలేని లోపమూ ఒకటుంది. మీట నొక్కీ నొక్కకముందే మాట్లాడితే తొలి అక్షరం పోతుంది. ‘అరవై’, ‘ఇరవై’ రెండూ ‘రవై’ అవుతాయి. తరలించవలసిన కుటుంబాల లెక్కలో అది నలభై తేడా.

సెట్‌ను సరిచూసేటప్పుడు ‘హలో, వన్ టూ త్రీ’ అనడం ఆనవాయితీ. దాని బదులు ‘అరవై, ఇరవై, కట్ట తెగలేదు’ అని, అవతల విన్నది తిరిగి చెప్పించుకుంటే మీట ఎక్కడ నిలపాలో తేలుతుంది.