ఇంజిన్ కంట్రోలర్‌కు జ్ఞాపకశక్తి

జెట్ ఇంజిన్‌కు ఎంత ఇంధనం అందాలో తొలి దశాబ్దాల్లో స్ప్రింగులు, క్యామ్‌లు, కవాటాలే తేల్చేవి. గాలిలో ఇంజిన్ ఒక్క క్షణం తడబడితే, లాగ్‌బుక్‌లో పైలట్ రాసిన రెండు ముక్కలే కింద ఉన్న మెకానిక్‌కు ఆధారం. 1984లో బోయింగ్ 757తో సర్వీసులోకి వచ్చిన ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ2037, ఇంజిన్ మీద పూర్తి అధికారాన్ని డిజిటల్ కంప్యూటర్‌కు అప్పగించిన తొలి పౌర విమాన ఇంజిన్. ఈ ఏర్పాటునే ఫాడెక్ అంటారు.

కంప్యూటర్ ఉంది కదా, జరిగినదంతా రాసిపెట్టుకుంటుందని అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. కరెంటు పోయినా చెరగని మెమరీగా ఆనాడు దొరికిన ఈఈప్రామ్ చిప్‌లో ఒక్కో గడిలో సుమారు 10,000 సార్లే రాయడం కుదిరేది. ఒక్కో రాతకు కొన్ని మిల్లీసెకన్లు పట్టేది. సెకనుకు 50 సార్లు లెక్క వేసే కంట్రోలర్ ప్రతిసారీ ఒకే గడిలో రాస్తే, 200 సెకన్లలో ఆ గడి అరిగిపోతుంది. అప్పటికి విమానం ఇంకా ట్యాక్సీవే మీదే ఉంటుంది!

అందుకే లోపం కనిపించినప్పుడు దాని కోడ్‌ను, ఆ క్షణపు కొన్ని రీడింగులను మాత్రమే దాచే పద్ధతి స్థిరపడింది. ఇందులోనూ పేచీ ఉంది. అదురుకు కనెక్టర్ వదులైతే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ప్రతి తడబాటునూ రాస్తే మెమరీ చెత్తతో నిండుతుంది. కాసేపు నిలిచిన లోపాన్నే రాస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు. విప్పి పంపిన పెట్టె 'లోపం దొరకలేదు' అన్న చీటీతో వర్క్‌షాపు నుంచి తిరిగి రావడం వెనక తరచూ ఉండేది ఇదే. పైగా కంట్రోలర్‌కు ప్రధానంగా కరెంటు ఇచ్చేది ఇంజిన్ తిప్పే ఆల్టర్నేటర్. ఇంజిన్ ఆగిపోతున్నప్పుడు, అంటే రాయవలసింది ఎక్కువగా ఉన్నప్పుడే, ఆ కరెంటు సన్నగిల్లుతుంది.

ఆ కొద్దిపాటి జ్ఞాపకం విలువ 2008 జనవరి 17న తెలిసింది. బీజింగ్ నుంచి వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 లండన్ హీత్రో రన్‌వేకు సుమారు 330 మీటర్ల ముందే నేలను తాకింది. అందులోని 152 మందీ బతికారు. రెండు ఇంజిన్లకూ ఇంధనం తగ్గిందన్నది స్పష్టం. దారికి అడ్డుపడిన మంచు మాత్రం ఆనవాలు లేకుండా కరిగిపోయింది. నిర్వహణ అవసరాల కోసం ఉన్న క్విక్ యాక్సెస్ రికార్డర్‌లో చివరి 45 సెకన్లు లేవు. తాత్కాలిక మెమరీలోంచి శాశ్వత మెమరీకి చేరకముందే అవి పోయాయి. ప్రధాన ఫ్లైట్ రికార్డర్‌కు తోడుగా ఇంజిన్ కంట్రోలర్ల మెమరీ పనికొచ్చింది: ఇంధనం తగ్గడాన్ని అవి గుర్తించి, కవాటాలను పూర్తిగా తెరిపించాయని తేలింది. అంటే తప్పు కంట్రోలర్లది కాదు. వెతుకులాట ఇంధన మార్గం మీదికి మళ్లి, చివరకు ఇంధనాన్ని నూనెతో వేడిచేసే హీట్ ఎక్స్ఛేంజర్ ముఖం దగ్గర ఆగింది.

ఫ్లాష్ మెమరీ వచ్చాక చోటు కొరత చాలావరకు తీరింది. అయితే రాత పని నియంత్రణకు అడ్డు రాకూడదన్న షరతు మారలేదు. ఎయిర్‌బస్ ఏ380కి వాడిన రోల్స్ రాయిస్ ట్రెంట్ 900లో పర్యవేక్షణకు కంట్రోలర్‌తో కలపకుండా విడిగా ఒక యూనిట్‌ను అమర్చారు.