నీరు, ఆవిరి, గాలి: న్యూజీలాండ్ విద్యుచ్ఛక్తి చరిత్ర

1903వ సంవత్సరం మన కుటుంబాల చరిత్రలోనూ, మనం నివసిస్తున్న ఈ న్యూజీలాండ్ దేశ చరిత్రలోనూ గుర్తుంచుకోదగినది. ఫిజీ చెరకు తోటలకు భారతీయ కూలీలను తీసుకొనిపోవడం 1879లోనే ప్రారంభమైనా, మదరాసు రేవునుండి ఓడలు బయలుదేరడం 1903లో మొదలయింది. మనలో అనేకుల తాతముత్తాతలు విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల పల్లెలు విడిచి, గిర్మిట్టు కాగితంమీద వేలిముద్ర వేసి సముద్రం దాటింది ఆ దారినే. సరిగ్గా అదే సంవత్సరం వెల్లింగ్టన్‌లోని పార్లమెంటు జలశక్తి చట్టాన్ని ఆమోదించింది. నదులలోని నీటితో విద్యుచ్ఛక్తి ఉత్పత్తి చేసే హక్కు ప్రభుత్వానిదేనని ఆ చట్టం శాసించింది.

ఈ రెండు సంఘటనలకూ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. కాని ఆ ఓడలెక్కినవారి మనుమలు, మునిమనుమలు ఈనాడు ఆక్లండ్, హామిల్టన్, వెల్లింగ్టన్ నగరాలలో ఆ చట్టం వల్ల పుట్టిన వెలుగులోనే పండుగలు చేసుకొంటున్నారు. ఫిజీ మీదుగా కాక ఆంధ్రదేశం నుండి నేరుగా వచ్చిన కుటుంబాలవారికీ ఇది వర్తిస్తుంది. ఆ వెలుగు ఎలా వచ్చిందో, దానికి ఎవరు ఏ మూల్యం చెల్లించారో మన పిల్లలకు తెలియజెప్పడం అవసరమని మేము భావిస్తున్నాము.

బొగ్గు, చమురు తవ్వినకొద్దీ తరిగిపోయేవి. నీరు, గాలి, ఎండ, భూగర్భంలోని వేడి వాడుకొన్నా మళ్ళీ సమకూరేవి. వీటినే పునరుత్పాదక శక్తి వనరులు అంటున్నారు. 2023 నాటికి ప్రపంచంలో ఉత్పత్తి అయిన విద్యుత్తులో సుమారు 30 శాతం వీటినుండి వచ్చింది. న్యూజీలాండ్‌లో ఇది 80 శాతానికి పైమాటే. అందులో అధికభాగం నీటినుండి, తరువాతిది భూగర్భోష్ణం నుండి, ఆపై గాలినుండి లభిస్తున్నది. ప్రపంచం ఇప్పుడు నడవజూస్తున్న దారిలో ఈ చిన్న దేశం నూరేళ్ళకు పూర్వమే అడుగుపెట్టిందనడంలో అతిశయోక్తి లేదు.

నీటి బలం

దక్షిణ దీవిలోని బులెండేల్ బంగారు గనిలో 1886లో జలవిద్యుత్తుతో యంత్రాలు నడిపారు. 1888లో రీఫ్టన్ అనే చిన్న గని పట్టణం ఇనంగహువా నది నీటితో వీధిదీపాలు వెలిగించుకొన్నది. ఆనాటికి ప్రపంచంలోని పెక్కు మహానగరాలలో నూనె దీపాలు, గ్యాసు దీపాలే ఉండేవి. 1914లో ప్రభుత్వం కోల్‌రిడ్జ్ సరస్సువద్ద తన మొదటి పెద్ద విద్యుత్కేంద్రాన్ని ప్రారంభించి క్రైస్ట్‌చర్చ్ నగరానికి విద్యుత్తు అందించింది.

ఉత్తర దీవిలో ఈ భారమంతా వైకాటో నది మోసింది. టాపో సరస్సులో బయలుదేరి సముద్రానికి పోయే ఆ నదిని మెట్లుమెట్లుగా కట్టి ఎనిమిది ఆనకట్టలు నిర్మించారు. 1929లో అరాపుని, 1947లో కరాపిరో, 1952లో మరాయిటై, ఇలా సాగి 1964లో అరాటియాటియాతో ఆ వరుస పూర్తయింది. కరాపిరో జలాశయం నిండినప్పుడు అంతకుముందున్న హోరహోర అనే పాత విద్యుత్కేంద్రం యంత్రాలు తిరుగుతూ ఉండగానే మునిగిపోయింది. విద్యుత్తు కొరత అంత తీవ్రంగా ఉన్న రోజులవి. 1965లో దక్షిణ దీవిలో బెన్మోర్ కేంద్రం, కుక్ జలసంధి అడుగున వేసిన కేబుల్ పనిచేయడం మొదలుపెట్టాయి. దానితో దక్షిణాది నీటి బలం ఉత్తరాది ఇళ్ళకు చేరింది.

అయితే నీరు నిలిచినచోట నేల మునుగుతుంది. 1961లో ఓహాకురి ఆనకట్ట కట్టినప్పుడు ఒరాకై కొరాకో అనేచోట ఉన్న వేడినీటి బుగ్గలలో, గీజర్లలో అధికభాగం జలాశయంలో కలిసిపోయింది. సరిగ్గా అదే కాలంలో మన కృష్ణానది ఒడ్డున ఏమి జరుగుతున్నదో పెద్దలకు విదితమే. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అవశేషాలున్న నాగార్జునకొండ లోయ మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండపైకి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపమయింది. శిల్పాన్ని ఎత్తి కొండమీద పెట్టవచ్చును. వేడినీటి బుగ్గను ఎత్తి ఎక్కడ పెట్టగలం? తరతరాలుగా ఆ బుగ్గల దగ్గర వంట వండుకొని, స్నానాలు చేసిన మావోరీ కుటుంబాలకు ఆ నష్టాన్ని పూడ్చేదేమున్నది?

మనుష్యులను కూడా ఎత్తి ఒడ్డున పెట్టడం అంత సులభం కాదు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు పెక్కింటిని ఖాళీ చేయించారు. కృష్ణా భవనాశి నదుల కలయికచోట ఉన్న సంగమేశ్వరాలయం ఏటా నీట మునిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు మళ్ళీ పైకి తేలుతుంది. మునిగిన ఊళ్ళకు మాత్రం ఆ భాగ్యం లేదు.

ఈ విషయంలో న్యూజీలాండ్ ప్రజలు ఒకసారి గట్టిగా నిలబడి చూపించారు. దక్షిణ దీవి కొసన ఉన్న మనపౌరి సరస్సు నీటిమట్టాన్ని సుమారు 30 మీటర్ల వరకు పెంచి, అల్యూమినియం కర్మాగారానికి విద్యుత్తు ఇవ్వాలని ప్రణాళిక వేశారు. సరస్సు చుట్టూ ఉన్న అడవి అంతా మునిగిపోతుందని ప్రజలు 1969లో ఉద్యమం ప్రారంభించారు. 1970లో పార్లమెంటుకు సమర్పించిన మహజరుపై 2,64,907 మంది సంతకాలు చేశారు. అది ఆనాటి జనాభాలో దాదాపు పదోవంతు! 1972 ఎన్నికలలో నార్మన్ కిర్క్ నాయకత్వాన లేబర్ పార్టీ సరస్సును పెంచబోమని మాట ఇచ్చి గెలిచింది, ఆ మాట నిలబెట్టుకొన్నది. విద్యుత్కేంద్రం భూగర్భంలో నడుస్తూనే ఉన్నది, సరస్సు తన సహజమట్టంలోనే ఉన్నది. రెండూ సాధ్యమేనని ఆ ఉద్యమం నిరూపించింది.

భూమి లోపలి ఆవిరి

భూగర్భపు వేడితో దీపం వెలిగించిన ఘనత ఇటలీది. 1904లో లార్డెరెల్లో అనేచోట భూమినుండి వచ్చే ఆవిరితో ఐదు బల్బులు వెలిగించి చూశారు. 1913లో అక్కడే విద్యుత్కేంద్రం నెలకొల్పారు. ఆ తరువాత పెద్దయెత్తున ఈ పనికి పూనుకొన్నది న్యూజీలాండే. 1940 దశకం చివరలో వానలు తగ్గి నదులు చిక్కిపోయినప్పుడు నీటిమీదే ఆధారపడటం ప్రమాదమని తెలిసివచ్చింది. టాపో దగ్గర వైరాకైలో బావులు తవ్వారు. ఇటలీలో పైకి వచ్చేది పొడి ఆవిరి. వైరాకైలో మాత్రం మరిగే నీరు, ఆవిరి కలిసి వచ్చాయి. రెంటినీ వేరుచేసి, ఆవిరిని టర్బైన్లకు పంపే పద్ధతిని ఇక్కడి ఇంజనీర్లు రూపొందించారు. 1958 నవంబరులో వైరాకై విద్యుత్తు ఇవ్వడం ప్రారంభించింది. తడి ఆవిరితో ఇంత పెద్దయెత్తున నడిచిన కేంద్రాలలో ప్రపంచంలో ఇదే మొదటిది.

కాని కొండనాలుకకు మందువేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్లయింది. భూమిలోని వేడినీటిని తోడేసేసరికి లోపలి ఒత్తిడి పడిపోయింది. యాత్రికులు ఎగబడి చూసే వైరాకై గీజర్ లోయ కొద్ది సంవత్సరాలలోనే చల్లారిపోయింది. ఒకచోట నేల సుమారు 15 మీటర్లు క్రుంగిపోయింది. వాడిన నీటిని మళ్ళీ భూమిలోకే పంపాలనే పాఠం నేర్చుకొనడానికి ఇంత మూల్యం చెల్లించవలసివచ్చింది.

ఆ పాఠం రోటొరువాలో అక్కరకు వచ్చింది. అక్కడ ఇళ్ళు వెచ్చబరచుకొనడానికి ఎవరికి వారు బావులు తవ్వుకొనడంతో పోహుటు గీజర్ చుట్టూ బుగ్గలు నీరసించాయి. 1986లో ప్రభుత్వం ఆ గీజరుకు ఒకటిన్నర కిలోమీటర్ల లోపున్న బావులన్నిటినీ మూయించింది. ఇళ్ళవారు కోపగించుకొన్నారు. అయినా కొన్ని సంవత్సరాలకు బుగ్గలు మళ్ళీ పుంజుకొన్నాయి. 2000 నాటికి మొకాయివద్ద మావోరీ భూస్వాముల ట్రస్టే తన భూమిలో భూగర్భోష్ణ కేంద్రాన్ని నెలకొల్పింది. ఒకనాడు ఎవరి భూమినుండి ఆవిరి తరలిపోయిందో, వారే ఈనాడు యజమానులుగా నిలవడం శ్లాఘనీయం. 2024లో టౌహరాలో 174 మెగావాట్ల కొత్త కేంద్రం ప్రారంభమయింది.

ఫిజీలో మన బంధువుల సంగతి

మనలో చాలామందికి పుట్టినిల్లయిన ఫిజీని ఇక్కడ మరచిపోరాదు. మన పెద్దలు కోసిన చెరకును గానుగాడగా మిగిలిన పిప్పినే మిల్లుల బాయిలర్లలో మండించేవారు. పునరుత్పాదక శక్తి అనే పేరు ఎవరూ వినక పూర్వమే మన ముత్తాతల చెమట ఆ పొయ్యిలో చేరింది. విటి లెవు దీవిలో దీపాలు చాలాకాలం డీజిల్ యంత్రాలమీదే ఆధారపడ్డాయి. 1983లో మొనసావు జలవిద్యుత్ పథకం 80 మెగావాట్లతో పనిచేయడం ప్రారంభించిన తరువాత ఆ స్థితి మారింది. 2007లో బుటోని కొండలమీద గాలిమరలు కూడా వెలిశాయి.

గాలి, ఎండ

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరగడంతో ప్రపంచం కళ్ళు తెరిచింది. ఈ దేశంలో 1979–80లో ప్రతి కారుకూ వారానికి ఒకరోజు సెలవు విధించిన సంగతి ఇక్కడ పాతకాపులైనవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. డెన్మార్క్ ఆ కష్టకాలంలోనే గాలిమరలకు కొత్త ప్రాణం పోసింది. గాలికి పేరుపడ్డ వెల్లింగ్టన్‌లో 1993లో బ్రూక్లిన్ కొండమీద ఒక్క గాలిమరను పరీక్షార్థం నిలిపారు. 1996లో హౌ నుయి, 1999లో తరరువా కొండలమీద గాలిమరల తోటలు వెలిశాయి.

సౌర ఫలకం 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. మొదట అంతరిక్ష నౌకలకు తప్ప మరొకరికి కొనశక్యం కాని ఆ వస్తువు క్రమక్రమంగా చవకై ఇళ్ళ పైకప్పులకు చేరింది. మన స్వస్థలాలు కూడా ఇందులో వెనుకబడలేదు. 2002లో తిరుమలలో ఎండవేడితో ఆవిరి తయారుచేసి అన్నప్రసాదం వండే ఏర్పాటు జరిగింది. 2017లో కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రం పూర్తయింది. ఏ ఎండ రాయలసీమ రైతును ఏడిపించిందో ఆ ఎండే విద్యుత్తయింది.

ఇంతటితో చిక్కులన్నీ తీరాయని కాదు. న్యూజీలాండ్ సరస్సులు పట్టే నీరు కొన్ని వారాలకే సరిపోతుంది. 1992 శీతాకాలంలో వానలు లేక సరస్సులు ఎండి, విద్యుత్తు పొదుపు చేయవలసిందిగా ప్రజలను కోరవలసివచ్చింది. 2024 శీతాకాలంలోనూ నీరు, గాలి రెండూ తగ్గి టోకు ధరలు ఆకాశానికంటాయి. అటువంటి సమయాల్లో హంట్లీలోని బొగ్గే ఇప్పటికీ ఆదుకొంటున్నది. శక్తిని నిలువచేయడం ఎలాగన్నదే ఈ తరం ముందున్న ప్రశ్న. దానికోసం మళ్ళీ ఏ లోయను ముంచుతాం, ఎవరిని అడిగి ముంచుతాం అన్నది దాని వెనుకే వచ్చే ప్రశ్న.

2017లో న్యూజీలాండ్ పార్లమెంటు వాంగనుయి నదిని చట్టరీత్యా ఒక వ్యక్తిగా గుర్తించింది. ఆ నది ఎగువ నీటిలో కొంతభాగాన్ని అంతకుముందు విద్యుత్తు కోసం మళ్ళించారన్నది గమనార్హం. గోదావరిని అమ్మా అని పిలిచి, పుష్కరాలలో పసుపు కుంకుమలు సమర్పించే మనకు నది ఒక ప్రాణి అంటే వింత కాదు. కాని ఆ తల్లినే కట్టివేసినప్పుడు ఎవరి ఊరు పోయిందో మనం అంతగా పట్టించుకొన్నామా? ఏరు దాటి తెప్ప తగలేయడం మన సంస్కృతి కాదు కదా.

కాబట్టి పాఠకులకు మా మనవి ఇది. వచ్చే సెలవుల్లో పిల్లలను టాపో వైపు తీసుకొనివెళ్ళండి. అరాటియాటియా ఆనకట్ట తలుపులు రోజులో కొన్నిసార్లు తెరుస్తారు; ఎండిన రాళ్ళమధ్య నది మళ్ళీ పరుగెత్తడం చూపించండి. తరువాత ఒరాకై కొరాకో వెళ్ళి, మిగిలిన బుగ్గలను చూపించి, మునిగినవాటి సంగతి చెప్పండి. మీ కుటుంబంలో ఎవరైనా మొనసావులోనో, నాగార్జునసాగరంలోనో, ఈ దేశపు విద్యుత్కేంద్రాలలోనో పనిచేసి ఉన్నా, శ్రీశైలం నీటిలో ఊరు పోగొట్టుకొని ఉన్నా, ఆ వివరాలు పెద్దల నోట విని వ్రాసి మన సంఘానికి పంపండి. వారు ఉండగానే ఈ చరిత్రను కాగితం మీద పెట్టుకొందాం.