గణకుడు యంత్రమైన కథ

1825వ సంవత్సరమున మద్రాసులో ముద్రితమైన కాలసంకలితమను ఆంగ్లగ్రంథములో, దాని కర్తయైన జాన్ వారెన్ అను సైనికోద్యోగి తాను పుదుచ్చేరిలో చూచిన యొక వింతను వర్ణించియున్నాడు. పంచాంగములు కట్టి జీవించు ఒక శాస్త్రి నేలమీద గవ్వలు పరచుకొని కూర్చుండి, మాటలుగాను అక్షరములుగాను మార్చి కంఠస్థము చేసికొనిన పట్టికలను మనస్సులో వల్లించుకొనుచు, గవ్వలను ఇటునుండి అటు జరుపుచు, ఆ యేటి మే 31, జూన్ 1 తేదీల నడుమ రాత్రి నాటి చంద్రగ్రహణమును లెక్కకట్టెను. స్పర్శకాలమున 4 నిమిషములు, మధ్యకాలమున 23, మోక్షకాలమున 52 నిమిషములు, ఇంతియే తేడా.

ఇంతకంటె వింత యేమనగా, గ్రహణ మెందుకు పట్టునో చెప్పు సిద్ధాంతములో ఆ శాస్త్రికి ఒక్క ముక్కయు తెలియదని వారెన్ వ్రాసినాడు. మనకు మాత్ర మిది వింతగా తోచదు; అర్థము తెలియని వయస్సులోనే అమరమును, ఎక్కములను వల్లె వేయించి, అర్థము తరువాత దానంతట అదియే వచ్చునని నమ్మిన వీథిబడులలో చదివినవారి సంతతి మనది. నేడు ఇంటింటను చర్చకు వచ్చుచున్న కృత్రిమ మేధ చరిత్రను వ్రాయబూనువారు యంత్రముతో గాక ఈ గవ్వల శాస్త్రితో మొదలుపెట్టుట న్యాయమని నా యభిప్రాయము. ఏలనన, యంత్రమునకు తెలివి నెక్కించుటకు ఎంతో పూర్వమే, తెలివి అక్కరలేనంతగా పనిని విడగొట్టుట మనుష్యులలోనే జరిగినది.

ఈ విడగొట్టుట యొక పరిశ్రమయైనది ఫ్రాన్సులో. విప్లవానంతరము కొత్త కొలమానములను నెలకొల్పదలచిన ప్రభుత్వము, లాగరిథముల పట్టికలు తయారుచేయు భారమును గస్పార్ ద ప్రొనీ అను ఇంజనీరుపై పెట్టగా, అంత పని తన యాయుష్షులో తెమలదని దిగులుపడిన ఆయన, ఆడం స్మిత్ గ్రంథములో గుండుసూదుల తయారీని గూర్చి చదివి, సూదులవలెనే సంఖ్యలను కూడ చేయింపవచ్చునని తలచెను. సూత్రములు నిర్ణయించుటకు ఐదారుగురు గణితవేత్తలు పై అంతస్తున, వానిని అంకెలలోనికి దించుటకు ఏడెనిమిదిమంది నడిమి అంతస్తున, కూడికయు తీసివేతయు తప్ప వేరు పని లేని 60 నుండి 80 మంది క్రింది అంతస్తున – ఇట్లొక కొలువు ఏర్పడినది. ప్రభువుల తలలతోపాటు తమ వృత్తియు పోగొట్టుకొనిన తలకట్ల పనివారు ఆ క్రింది అంతస్తులో పలువురుండిరని చెప్పుదురు. 1832లో ఈ కొలువును వర్ణించుచు చార్లెస్ బాబేజి ఒక మాట వ్రాసినాడు: అచట పదింట తొమ్మిదిమందికి కూడిక తీసివేతలు దాటి గణితము రాదట, ఎక్కువ తెలిసినవారికంటె వీరి లెక్కలలోనే తప్పులు తక్కువట. తెలియకపోవుటయే యోగ్యతయైన చోట మనిషి యెందులకు, పండ్లచక్రము చాలదా యని ఆయనకు తోచుటలో ఆశ్చర్యము లేదు. అప్పటికి పదేండ్లుగా ఆయన అట్టి యంత్రముకొరకే శ్రమించుచుండెను.

ఆ కాలమున కంప్యూటర్ అనునది మనిషి చేయు ఉద్యోగమునకు పేరు. 1802లో మద్రాసు వద్ద ఆరంభమైన మహాత్రికోణమితి సర్వేలో 1831లో రాధానాథ సిక్దారు అను వంగ యువకుడు చేరిన ఉద్యోగ మదియే. తరువాత ఆయన చీఫ్ కంప్యూటరైనాడు. హిమాలయములలో 15వ సంఖ్యతో గుర్తింపబడిన శిఖరము 29,002 అడుగుల యెత్తని, దానిని మించినది లోకములో లేదని తేల్చిన లెక్కలలో ఆయన చేయి ముఖ్యమైనదని ప్రసిద్ధి. శిఖరమునకు పెట్టిన పేరు మాత్రము, ఆ సర్వేకు పూర్వము అధిపతియై, ఎన్నడో కొలువు చాలించి ఇంగ్లండు చేరిన ఎవరెస్టు దొరది. 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రమునకు పని నేర్పిన ఆరుగురు స్త్రీలు కూడ అంతకుముందు ఫిరంగిగుండ్ల గమనమును లెక్కకట్టిన కంప్యూటర్లే. యంత్రము వారి పనితోపాటు పేరును కూడ తీసికొనినది.

1950లో అలన్ టూరింగ్, యంత్రములు ఆలోచింపగలవా యని ప్రశ్నించిన వ్యాసములో, తన యంత్రమునకు చెప్పిన ఉపమానము మనిషియైన కంప్యూటరే: చేత నియమముల పుస్తకము, ముందు కావలసినంత కాగితము, నియమమును ఇసుమంతయు మీరుటకు అధికారము లేదు. 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో జాన్ మెకార్తి ప్రభృతులు సమావేశమై ఈ శాస్త్రమునకు కృత్రిమ మేధ యను పేరు స్థిరపరచిరి. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి ఆ మెకార్తి శిష్యుడే. 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొంది, మనిషి పలుకును యంత్రమునకు తెలియజేయుటయే వ్రతముగా పెట్టుకొని, 1994లో ఫైగెన్‌బామ్‌తో కలసి టూరింగ్ పేరిటి బహుమానము నందుకొనెను. సినిమా తారల పుట్టినరోజులు తెలిసిన మనలో కాటూరు పేరు తెలిసినవారు ఎందరో!

ఆ 1966లోనే జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా యను ప్రోగ్రామును ప్రకటించెను. తల్లి ప్రస్తావన తెచ్చినచో కుటుంబమును గూర్చి ఇంకను చెప్పుమని అడుగుట, మన మాటనే ప్రశ్నగా త్రిప్పి మనకే అప్పగించుట – దాని విద్య అంతవరకే. అయినను, అది తయారగుచుండగా నెలల తరబడి చూచిన ఆయన కార్యదర్శినియే, దానితో నాలుగు మాటలాడగానే, కొంచెము గది వెలుపలికి పొమ్మని ఆయనను కోరినదట. పుదుచ్చేరిలో అర్థము తెలియకయే గ్రహణము తేలినది. ఇచట అర్థము చేసికొనువారు లేకయే ఓదార్పు కలిగినది.

నేటి యంత్రము నియమములకంటె ఉదాహరణములవలన ఎక్కువ నేర్చును. 2009లో ప్రకటితమై, క్రమముగా కోటికి పైగా చిత్రములకు పెరిగిన ఇమేజ్‌నెట్ భాండారములో ఇది కుక్క, ఇది కుర్చీ యని గుర్తులు పెట్టినవారు 167 దేశములలోని దాదాపు 49,000 మంది. వారిని సమకూర్చిన అంగడికి అమెజాన్ పెట్టుకొనిన పేరు మెకానికల్ టర్క్. 1770లో వియన్నా ఆస్థానమున కెంపెలెన్ ప్రదర్శించిన చదరంగపు బొమ్మ పేరది, ఆ బొమ్మ పీఠములో ఆటగాడు దాగియుండెడివాడు. నామకరణము చేసినవారికి సంకోచము లేకపోయినను చరిత్రజ్ఞానము ఉన్నదని ఒప్పుకొనవలెను.

కంప్యూటరు వచ్చినచో గుమాస్తా పోవునని 1960లలో జీవితబీమా ఉద్యోగులు, 1980లలో బ్యాంకు ఉద్యోగులు ఆందోళన చేసిరి. వారిని అజ్ఞానులని నవ్వినవారు కలరు. లెడ్జరు వరుసపై వ్రేలు జార్చుచు పైనుండి క్రిందికి ఒక్క ఊపిరిలో కూడి, క్రిందినుండి పైకి మరల సరిచూచు గుమాస్తా నేడెచట? పలువురి ఉద్యోగములు నిలిచినవి, విద్య పోయినది. క్రింది అంతస్తు ఒక్కటియే యంత్రము పాలగునని బాబేజి తలచెను. ఇప్పుడు యంత్రము అనువాదములు చేయుచు, ఉత్తరములు వ్రాయుచు, బొమ్మలు గీయుచు నడిమి అంతస్తు మెట్లెక్కుచున్నది. దానికి పాఠములు సిద్ధపరచుటకు దిగువన కొత్తగా ఇంకొక అంతస్తు లేచినది; అందున్నవారి పేర్లు ఎవరికిని తెలియవు.

సిక్దారు కొలువులో చేరిన 173 ఏండ్లకు, 2004లో, మన తపాలాశాఖ ఆయన చిత్రముతో ఒక బిళ్ళను వెలువరించినది.