అన్ని విషయాల్లోనూ

గచ్చిబౌలిలో ఒక బ్యాంకు శాఖ. పదకొండున్నర. కొండాపూర్ నుంచి వచ్చిన తల్లి కౌంటర్ మీద పాస్‌బుక్ పెట్టింది. పక్కనే ఆరడుగుల కొడుకు. చెవులకు హెడ్‌ఫోన్లు, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో. టోకెన్ నంబర్లు వెలిగే బోర్డు వైపే చూస్తున్నాడు.

“మేడం, బాబుకి పద్దెనిమిది నిండాయి. మైనర్ ఖాతా ఇక మీ సంతకంతో నడవదు. బాబే సంతకం చేయాలి.”

“వాడు చేయలేడండీ. ఆటిజం.”

“అయితే గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తీసుకురండి.”

“నేను వాళ్లమ్మని.”

కౌంటర్‌లోని ఉద్యోగి తల దించుకుని పాస్‌బుక్ మెల్లగా ఆమె వైపు జరిపాడు.

ఇదంతా ఒకే ఇంట్లో జరిగినట్టు రాస్తున్నాను గానీ, ఇది ఒక్క ఇంటి కథ కాదు. సైబరాబాద్ ఐటీ కారిడార్‌లో ఇలాంటి పిల్లలను పెంచుతున్న ఇళ్లలో ఎదురయ్యేవాటిని ఒక్కచోటికి చేర్చి, సన్నివేశాలుగా మలిచాను. చట్టాలూ తేదీలూ మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మన దేశంలో పద్దెనిమిదేళ్లకు మనిషి మేజర్ అవుతాడని చెప్పేది 1875 నాటి చట్టం. ఆ పుట్టినరోజుతో తల్లిదండ్రులకు పిల్లల తరఫున సంతకం చేసే హక్కు పోతుంది. నోట మాట రాని పిల్లవాడైనా, తన డబ్బు తాను లెక్కపెట్టుకోలేని పిల్లవాడైనా అంతే. మూడేళ్ల వయసులో కొడుకుని సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థకు థెరపీకి ఎత్తుకెళ్లిన రోజు నుంచి ఆ తల్లి ఉద్యోగం మానేసి వాడితోనే ఉంది. ఆమె పెట్టిన సంతకాలకు లెక్కే లేదు. ఒక్క రాత్రిలో అవన్నీ చెల్లకుండా పోయాయి.

తండ్రి మైండ్‌స్పేస్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్. ఏ సమస్య వచ్చినా దానికి ఒక దారి ఉంటుందని నమ్మే మనిషి. ఆ రాత్రి అమెరికా కాల్ ముగిశాక కూర్చుని దారి వెతికాడు. దొరికింది. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు పద్దెనిమిదేళ్లు దాటాక సంరక్షకుణ్ని నియమించే చట్టం అది. కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు. జిల్లాలో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. అందులో జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి ఒకరు, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. ఈ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్ చూసి ఖాతా నడపొచ్చని రిజర్వ్ బ్యాంక్ 2007లోనే బ్యాంకులకు చెప్పింది.

ఫారాలు నింపాడు. సదరం సర్టిఫికెట్, ఆధార్, ఫొటోలు జతచేశాడు. వాటితో పాటు ఒక లేఖ టైపు చేశాడు. చివరి వాక్యం: “మా అబ్బాయికి సంబంధించిన అన్ని విషయాల్లోనూ మేమే నిర్ణయం తీసుకునేలా అనుమతించ ప్రార్థన.”

ఆమె చదివి, “అన్నీ అంటే?” అంది.

“అన్నీ అంటే అన్నీ. మళ్లీ మళ్లీ ఎవరు తిరుగుతారు?”

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. ప్రతి కౌంటర్ దగ్గరా కొత్తగా ఒక ‘కాదు’ వింటున్నవాడు ‘అన్నీ’ అనే రాస్తాడు.

హైటెక్ సిటీ చుట్టూ అద్దాల మేడలు ఎన్ని లేచినా, వీళ్ల కొండాపూర్ ఉన్న శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లా కిందికే వస్తుంది. ఆ జిల్లా కలెక్టరేట్ 2022 ఆగస్టు నుంచి కొంగరకలాన్‌లో ఉంది. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్, తుక్కుగూడ దాటుకుని నగరానికి ఆ చివరికి వెళ్లాలి. కమిటీ పిలిచిన రోజు కారులో ముందు సీటు వాడిదే. దారి పొడవునా ఎగ్జిట్ల నంబర్లు చదువుతూనే ఉన్నాడు.

కమిటీ ముందు తండ్రి మాట్లాడాడు. బ్యాంకు గురించి, ఆరోగ్య బీమా గురించి, వాడి పేరు మీద తాతగారు రాసిన ప్లాటు గురించి. అధికారి కాగితాలు తిరగేస్తున్నారు. ఈ చట్టం కమిటీని అడగమన్న ప్రశ్నలు రెండు: ఈ మనిషికి సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు? రెండో ప్రశ్న ‘అన్ని విషయాల్లోనూ’ అన్న మాట దగ్గర ఆగిపోయినట్టుంది.

అప్పుడు మూడో కుర్చీలోని సభ్యుడు, పక్కన గోడకు చంక కర్రలు ఆనించి కూర్చున్నాయన, తండ్రిని కాకుండా కొడుకుని చూసి అడిగాడు.

“ఏం బాబూ, నీకేమిష్టం?”

పొద్దున్నుంచి వాణ్ని ఎవరూ ఏమీ అడగలేదు. తల్లి జవాబివ్వబోయింది. ఆయన చేత్తో వారించాడు. నిమిషం గడిచింది. వాడు కిటికీలోంచి చూస్తూ మొదలుపెట్టాడు.

“రాయదుర్గం. హైటెక్ సిటీ. దుర్గం చెరువు. మాదాపూర్. పెద్దమ్మ గుడి.”

అక్కడ ఆగాడు. మళ్లీ, “పెద్దమ్మ గుడి.”

“మెట్రో అంటే పిచ్చి సార్,” తండ్రి నవ్వాడు. “ఆదివారం తీసుకెళ్తాం. ప్రతిసారీ ఆ స్టేషన్లో దిగుతానని గొడవ. మేం అమీర్‌పేట దాకా తీసుకెళ్లి వచ్చేస్తాం.”

“అక్కడెందుకు దిగనివ్వరు?”

తండ్రి దగ్గర జవాబు లేదు. వెతికాడు కూడా, దొరకలేదు.

2009లో చండీగఢ్ కేసులో సుప్రీంకోర్టు వేసుకున్న ప్రశ్న ఇలాంటిదే, కాకపోతే దాని బరువు వేరు. ప్రభుత్వ ఆశ్రమంలో ఉంటున్న ఒక అనాథ యువతి. స్వల్ప బుద్ధిమాంద్యం. అత్యాచారం వల్ల గర్భం వచ్చింది. ఆమె బిడ్డను కంటానంది. ఆమె మేలు కోసమేనంటూ గర్భస్రావానికి హైకోర్టు ఆదేశించింది. ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఆమె మేజర్, ఆమె సమ్మతి లేకుండా కుదరదంది. ఆమె మేలు ఆమెకంటే తమకే బాగా తెలుసని అంతమంది నమ్మిన చోట, ఆమె మాట నిలబడటానికి దేశంలోని అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లాల్సివచ్చింది.

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. దాన్ని అనుసరించి 2016లో కొత్త వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులోని పద్నాలుగో సెక్షన్‌ను ప్రతి తల్లీ తండ్రీ ఒక్కసారైనా చదవాలని నా కోరిక. సంరక్షకత్వం అంటే సంరక్షకుడూ వైకల్యం ఉన్న వ్యక్తీ ఇద్దరూ కలిసి, ఒకరినొకరు నమ్మి, ఒక నిర్దిష్టమైన నిర్ణయానికి, నిర్దిష్టమైన కాలానికి చేసే పని అని అది అంటుంది. వేరే ఏ చట్టం కింద నియమితుడైన సంరక్షకుడైనా ఇకపై ఇలా పరిమిత సంరక్షకుడిగానే పనిచేస్తున్నట్టు భావించాలని కూడా అంటుంది. కౌంటర్ల దగ్గర ఈ మాట వినపడదు. అక్కడ సర్టిఫికెట్ చూపించగానే కుర్చీలు తల్లిదండ్రుల వైపు తిరుగుతాయి, కొడుకు మళ్లీ టోకెన్ బోర్డు చూస్తూ నిలబడతాడు.

ఆ రోజు కమిటీ దగ్గర తండ్రి ఆ లేఖ వెనక్కి అడిగి తీసుకున్నాడు. వరండాలో గోడకు ఆనించి, ‘అన్ని విషయాల్లోనూ’ కొట్టేసి పెన్నుతో రాశాడు: బ్యాంకు ఖాతా, వైద్యం, బీమా, ప్లాటు కాగితాలు. ఆమె పక్కన నిలబడి చూసింది.

మరుసటి ఆదివారం పెద్దమ్మ గుడి స్టేషన్లో దిగారు. వాడు బయటికి రాలేదు. ప్లాట్‌ఫాం చివరికి నడిచి, ఎదురు పట్టాల మీద రెండు రైళ్లు వెళ్లేదాకా నిలబడి, “ఇంక పద,” అన్నాడు. అంతే వాడికి కావలసింది.

సర్టిఫికెట్ వచ్చింది. సంరక్షకుల బాధ్యతలూ దాంతో పాటే వచ్చాయి. ఆర్నెల్లలోపు వాడి ఆస్తి అప్పుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. తండ్రికి అవేవీ భారం అనిపించలేదు. భారమంతా ఇంకోచోట ఉంది. తమ తర్వాత ఎవరు? ఇన్నాళ్లూ డల్లాస్‌లోని కూతురే అనుకున్నారు. ఆమెకు అమెరికా పౌరసత్వ ప్రమాణానికి పిలుపు వచ్చింది. నేషనల్ ట్రస్ట్ నిబంధనల ప్రకారం సంరక్షకుడు భారత పౌరుడై ఉండాలి.

“వాయిదా వేసుకోనా అమ్మా?” అంది ఫోన్లో.

తల్లి వెంటనే ఏమీ చెప్పలేదు. ఆ సాయంత్రం డైనింగ్ టేబుల్ మీద నాలుగు ఫొటోలు పరిచింది: అక్క, ఖమ్మంలో ఉండే బాబాయి, మియాపూర్ మేనత్త, పెద్దమ్మ కొడుకు. “మేం లేకపోతే నీతో ఎవరుండాలి నాన్నా?” అని అడిగింది. వాడు హెడ్‌ఫోన్లు తీయలేదు. కాసేపటికి బాబాయి ఫొటోను బోర్లించి వెళ్లిపోయాడు.

వద్దన్నాడా, ఊరికే తిప్పాడా? ఆమెకు తెలియలేదు. మర్నాడు మళ్లీ నాలుగూ పరిచింది, వరుస మార్చి. వాడు వెతికి అదే ఫొటో బోర్లించాడు. మూడో రోజు బోర్లించాక, మేనత్త ఫొటో తీసి ఫ్రిజ్ మీద మెట్రో మ్యాప్ పక్కన అయస్కాంతంతో అంటించాడు.

ఆమె డల్లాస్‌కు ఫోన్ చేసింది. “నువ్వెళ్లి ప్రమాణం చేసుకో తల్లీ. ఇక్కడ వాణ్నింకా అడుగుతున్నాను.”